ఒక బాధ – ఒక బాట

మా ఊరి పెద్దాసుపత్రిలో పొరపాటనేది జరగదు. ఇది నా మాట కాదు, వాళ్ళ రిజిస్టరు చెప్పే మాట. పొరపాట్ల రిజిస్టరని ఒకటుంది. పదేళ్ళయినా అందులో మొదటి పేజీ నిండలేదు. అది బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి ఎప్పుడో బదిలీ అయిపోయిన హెడ్‌గుమాస్తా జేబులో ఉంది, అందుకే నిండలేదని గిట్టనివాళ్ళంటారు. గిట్టనివాళ్ళు ఏమైనా అంటారు.

నేను ఆ ఆసుపత్రికి ఎదురుగా, కోర్టు గోడకానుకొని బల్ల వేసుకుని అర్జీలు రాస్తాను. ముప్పయ్యొక్కేళ్ళుగా ఇదే పని. ఊళ్ళో అందరికీ నేను రైటరుగారినే. అసలు పేరు మా ఆవిడకైనా గుర్తుందో లేదో. గొప్పకి చెప్పుకోవడం కాదు గానీ, నా అర్జీ చదివి కళ్ళు తుడుచుకున్న తాసిల్దార్లున్నారు. పని చేసిపెట్టలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పబోయేది గుబ్బల వీరమణిగారి కుడిచేతి సంగతి. ఆవిడది కాలవగట్టు వీధి, పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకు మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యపు పిండి. గుడ్డ ముంచి కుడిచేత్తో కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. కళ్ళు మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. ఆ కిటుకంతా మణికట్టులో ఉంది. కాస్త ఎక్కువైతే చిరుగుతుంది, కాస్త తక్కువైతే అప్పడమవుతుంది. వీరమణిగారి రేకు కళ్ళకడ్డం పెట్టుకుంటే అవతలివాడి మీసం కనిపించేది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంటికి అన్నం పెట్టింది ఆ మణికట్టే.

ఆషాఢంలో ఓ పొద్దున్న, పిండి ఒలికిన గచ్చు మీద కాలు జారి కుడిచేతి మీద పడింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. చేతికి తువ్వాలు చుట్టుకుని, తనే నడుచుకుంటూ పెద్దాసుపత్రికి వచ్చింది. ఎక్స్‌రే ఫోటో తీశారు. డాక్టరు చూసి, 'కుడిచేతికి కట్టు' అని చీటీ రాశాడు. అంతవరకూ లోపం ఎంచడానికేమీ లేదు.

అయితే ఆ వారం ఆసుపత్రిలో రోగి దృక్పథ వారోత్సవాలు జరుగుతున్నాయి. 'సిబ్బంది యావన్మందీ నేటినుండి ప్రతి విషయమును రోగి వైపునుండి మాత్రమే చూడవలెను' అని పైనుంచి సర్క్యులరు దిగింది. మూడు రోజులు శిక్షణ, ఉప్మా, నవ్వుతున్న మొహం బొమ్మ ఉన్న బ్యాడ్జీ. శిక్షణ ఇచ్చిన నిపుణుడు వేదికెక్కి, "మీ ఎదురుగా కూర్చున్న రోగికి కుడి అనేది మీకు ఎడమ! ఇన్నేళ్ళూ ఎవరి వైపునుంచి చూశారు మీరు? మీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి! ఇకనుంచి తిప్పి చూడండి!" అని గద్దించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆసుపత్రిలో కట్లు కట్టే లోవరాజు ఇరవయ్యేళ్ళుగా రోగి కుడిచేతినే కుడిచెయ్యి అనుకుంటున్న అమాయకుడు. శిక్షణయ్యాక తన తప్పు తెలుసుకుని, తిప్పి చూడ్డం మొదలెట్టాడు.

"ఇది కాదయ్యా! ఇది బాగానే ఉంది. అదిగో, వాచిపోయింది చూడు, అదీ!" అని వీరమణిగారు మొత్తుకుంది.

"కంగారు పడకండమ్మా. ఇప్పుడంతా మీ వైపునుంచే చూస్తన్నామండి," అని లోవరాజు మర్యాదగా చెప్పి, ఎడమచేతికి మోచేతి దగ్గర్నించి వేళ్ళ కొసల దాకా సిమెంటు కట్టు బిగించాడు. గట్టి పనివాడు. ఆ కట్టు గోడకేసి కొట్టినా పగలదు.

ఆవిడ అట్నుంచటే నా బల్ల దగ్గరకొచ్చింది. కట్టున్న చెయ్యి ముందుకి చాపి, కట్టు లేని చేతిని కడుపుకి అదుముకుని నిలబడింది.

"చూశారా రైటరుగారూ! కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడిందంట. ఈ కట్టు ఇప్పించి దీనికి కట్టించండి బాబూ. నాకింకేం వద్దు."

నిజం చెప్పేస్తున్నాను. ఆ చెయ్యి చూడగానే నాకు మొదట కలిగింది జాలి కాదు, సంతోషం. ముప్పయ్యొక్కేళ్ళలో ఇలాంటి కేసు నా బల్ల దగ్గరికి రాలేదు. మొదటి వాక్యం అప్పుడే మనసులో తయారైపోయింది.

"మీరేం బెంగెట్టుకోకండి వీరమణమ్మా. వీళ్ళని నేను చూస్తాను కదా," అన్నాను.

ఆసుపత్రి కట్లగదిలో నర్సమ్మ మా మాట సాంతం విని, "ఇది చికిత్స కాదండి, అసంతృప్తి. అసంతృప్తికి వేరే గది," అని వరండా చివరికి చూపించింది. తలుపు మీద కొత్త బోర్డు: 'ఎంపిక కేంద్రం. ఒక బాధ – ఒక బాట.'

లోపల ఎంపికాధికారి పొన్నాడ కోదండపాణిగారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. అంత మర్యాదస్తుణ్ణి నేను సర్కారు ఆఫీసులో చూడలేదు.

"ముందుగా మీకు కలిగిన అసౌకర్యానికి, అసౌకర్యం కలిగిందని అంగీకరించకుండానే, మా ప్రగాఢ విచారాన్ని తెలియజేసుకుంటున్నాం. కూర్చోండి. పూర్వం రోగులు ఒకే బాధకు ఫిర్యాదూ చేసేవారు, కోర్టుకీ వెళ్ళేవారు. రెండు చోట్లా ఫైళ్ళు నడిచి, వ్యవస్థ మీద భారం పడేది. ఇప్పుడు ఆ అవస్థ లేదు. పచ్చ ఫారం ఫిర్యాదుకి. గులాబీ ఫారం కోర్టుకి. ఒకటి ఎంచుకుంటే రెండోది ఆజన్మాంతం రద్దు."

"రెండిటికీ తేడా ఏంటండీ?" అన్నాన్నేను.

"ఫిర్యాదైతే వివరణ లభిస్తుంది, పరిహారం లభించదు. కేసైతే పరిహారానికి అవకాశం ఉంది, వివరణకి అవకాశం లేదు."

"మరి కట్టండీ?" అంది వీరమణిగారు.

"ఏ కట్టమ్మా?"

"ఈ చేతికి కట్టేది. ఇరిగిన చేతికి."

కోదండపాణిగారు రెండు ఫారాలూ అటూ ఇటూ తిప్పి చూశారు. "ఆ గడి ఇందులో లేదమ్మా. చికిత్స అనేది పరిష్కారం కిందికి వస్తుంది. పరిష్కారం ముందే ఇచ్చేస్తే ఇంక మీరు దేన్ని గురించి ఫిర్యాదు చేస్తారు? మీ ఫిర్యాదు హక్కును మేమే హరించినట్టవుతుంది. అంత అన్యాయం చెయ్యలేం."

ఇంకో మాట కూడా చెప్పారు. ఎడమచేతి మీదున్నది ఇకమీదట కట్టు కాదు, సాక్ష్యం. దాన్ని విప్పినా, విరిగిన చేతికి బయట వైద్యం చేయించుకున్నా బాధ సమసిపోయినట్టు భావించి ఫైలు మూసేస్తారు.

సాక్ష్యమన్న మాట వినగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అది మా వృత్తి మాట.

మూడోనాడు సాయంత్రం కాలవగట్టు వీధిలో ఆవిడ అరుగు మీద కూర్చుని అర్జీ చదివి వినిపిస్తున్నాను. ఎనిమిదో పేజీలో ఉండగా లోవరాజు వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో సిమెంటు, గుడ్డ. బ్యాడ్జీ తీసేశాడు.

"తప్పయిపోయిందమ్మా. రెండ్రోజుల్నించీ అన్నం సయించట్లేదు నాకు. ఇంటికాడే కట్టేత్తాను. ఎముక సర్ది కట్టడం అరగంట పనండి. ఎవరికీ చెప్పకండేం."

వీరమణిగారు లేచి నిలబడిపోయింది. ఆ మొహంలో వెలుగు నేను చూశాను. చూసి కూడా అడ్డం పడ్డాను.

"ఆగవయ్యా! సాక్ష్యాన్ని చెరుపుతావా? పన్నెండు పేజీల అర్జీ నీళ్ళపాలవదూ? ఇవాళ నీ అరగంట పనికి ఒప్పుకుంటే, రేపొచ్చేవాళ్ళకి కూడా ఇలాగే కడతారు. ఇది వీరమణమ్మ ఒక్కదాని చెయ్యి కాదు, ప్రజలందరి చెయ్యి!"

"ప్రజలందరిదీనా?" అని ఆవిడ చేతికేసి చూసుకుంది. "నొప్పి మాత్రం నాకొక్కదానికే ఉంది బాబూ."

"నాలుగు రోజులు ఓర్చుకోండమ్మా."

నా మాట మీద గురి ఆవిడకి. తెల్ల చొక్కా, చెవిలో కలం, ముప్పయ్యొక్కేళ్ళ అనుభవం. లోవరాజు సంచి పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత ఎంపిక కేంద్రంలో పేరు నమోదు చేసుకునే ఫారం మీద సంతకం దగ్గర చిక్కొచ్చింది. వీరమణిగారు సంతకం చేయగలదు గానీ ఆ చెయ్యి విరిగింది. సంతకం చేయలేనివారు ఎడమచేతి బొటనవేలి ముద్ర వెయ్యాలి. ఎడమ బొటనవేలు సిమెంటులో ఉంది.

"అయితే ఎడమ బొటనవేలు అందుబాటులో లేదని ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్టు తెండి," అన్నారు కోదండపాణిగారు.

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ శశిభూషణ్‌గారు రిజిస్టరు తెప్పించి చూశారు. "మా రికార్డు ప్రకారం కట్టు కుడిచేతికి వేశాం. ఎడమచేతికి కట్టు లేదు. లేని కట్టుకి సర్టిఫికెట్టు ఎలా ఇస్తానండీ? నా ఉద్యోగం పోదూ?"

"ఎదురుగా ఉంది కదండీ, చూడండి!" అన్నాను.

"చూసి సర్టిఫికెట్లివ్వడం అలవాటైతే ఇంక రికార్డులెందుకండీ?" అన్నారాయన నొచ్చుకుంటూ.

ఈ చిక్కు విప్పడానికి ముగ్గురితో ఉపసంఘం వేశారు. ఉపసంఘం తొమ్మిది రోజులు కూర్చుని, కాలి బొటనవేలి ముద్ర వెయ్యవచ్చునని తేల్చింది. ఏ కాలన్నది రోగి వైపునుంచి చూడాలా, అధికారి వైపునుంచి చూడాలా అని ఒకాయన అసమ్మతి నోటు రాశాడు. దాంతో రెండు కాళ్ళవీ వేయించుకున్నారు. వీరమణిగారు బల్ల మీదకి ఒక్కొక్క కాలే ఎత్తి పెడుతుంటే సిగ్గుతో ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ పనికిరావు గనక జారిన కొంగు నేనే సర్దాను.

ఇంక ఎంపిక. కానీ తొందరపడి ఎంచుకోకుండా ఇరవయ్యొక్క రోజులు ఆలోచనా కాలం పాటించి తీరాలి. ఆ ఇరవయ్యొక్క రోజులూ వారం వారం వచ్చి కోదండపాణిగారి ఎదుట ఆలోచించాలి. గోడమీద పెద్ద పటం వేలాడదీశారు. ఒక పక్క ఫిర్యాదు లాభాలు, ఇంకో పక్క కేసు లాభాలు.

"ఏది తొరగా అవుద్ది బాబూ?" అని ఆవిడ ప్రతివారమూ అడిగేది.

"ఆ విషయంలో రెండింటి మధ్యా ఎలాంటి వివక్షా లేదమ్మా," అని ఆయన ప్రతివారమూ చెప్పేవారు.

ఈలోగా ఇంట్లో ఆవిడకి కోడలు అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ఒకరికి పెట్టడమే గాని ఒకరు పెడితే తిన్న మనిషి కాదు. రెండు ముద్దలకే చాలంటుంది. కుండ బోర్లించినట్టే ఉంది, పొయ్యిలో బూడిద చల్లారిపోయింది. ఒక రోజు నాతో, "రైటరుగారూ, వాపు తగ్గిందండి. నొప్పి కూడా తగ్గుతంది. నాకు బయ్యమేత్తంది," అంది. నొప్పి తగ్గితే భయమెందుకమ్మా, శుభం కదా అన్నాను. అంత తెలివైనవాణ్ణి నేను.

నేను కేసుకే మొగ్గాను. పన్నెండు పేజీలు అప్పటికి ఇరవై ఆరయ్యాయి. వీరమణిగారు మాత్రం పచ్చ ఫారమే కావాలంది.

"కేసంటే నా బదులు ప్లీడరు మాటాడతాడు. ఫిర్యాదైతే డాక్టరుగారు ఎదురుగా కూచుని ఇవరం చెప్తారంటన్నారు కదండీ. ఎదురుగా కూచుంటే నా చెయ్యి చూడక చత్తాడా? ఓసారి కళ్ళతో చూత్తే చాలు."

ఇరవై ఆరు పేజీల్లో నాకు తట్టని ఆలోచన అది. కాదనలేకపోయాను.

విచారణ రోజున డాక్టర్ శశిభూషణ్‌గారు ఎదురుగానే కూర్చున్నారు. కళ్ళు ఫైలు మీద.

"నా చెయ్యి చూడండి బాబూ," అని వీరమణిగారు తువ్వాలు పళ్ళతో విప్పబోయింది.

"వద్దమ్మా వద్దు!" అని ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నారు. "విచారణ పూర్తయ్యేదాకా నేను చూడకూడదు. చూస్తే ప్రభావితమవుతాను."

తర్వాత వివరణ చదివారు. "రికార్డు ప్రకారం కట్టు కుడిచేతికి వేయబడినది. ప్రస్తుతం ఫిర్యాదుదారుకు ఒక చేతికే కట్టు కలదు. కావున కట్టు కలిగిన చేతినే కుడిచేతిగా భావించవలసియున్నది. ఫిర్యాదుదారు చూపుచున్న రెండవ చెయ్యి, తత్ఫలితంగా, ఎడమచెయ్యి. దానితో ఈ ఫైలుకు సంబంధం లేదు."

వీరమణిగారు రెండు నిమిషాలు ఆలోచించింది. ఆలోచించి, "ఆయ్, అలాగేనండి. మీరన్నట్టే ఇది ఎడంచెయ్యే. ఎడంచెయ్యి ఇరిగిందని కొత్త చీటీ రాయించుకుంటాను. దీనికి కట్టెయ్యండి," అంది.

ఆవిడ తెలివికి నాకు దణ్ణం పెట్టాలనిపించింది. పరుగున ఓపీ కిటికీ దగ్గరికి వెళ్ళాం. అక్కడి గుమాస్తా కంప్యూటర్లో పేరు కొట్టి తలూపాడు. "ఈ పేరు మీద ఫిర్యాదు నడుస్తోందండి. అది తేలేదాకా కొత్త జబ్బు ఎక్కదు." దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా!

నాకప్పుడు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే కూర్చుని తొమ్మిది అర్జీలు రాశాను. కలెక్టరుకి, డైరెక్టరుకి, కమిషనరుకి, ఎవరికి రాయాలో వాళ్ళందరికీ. ఆ చెయ్యి వర్ణనకే ఒక పేజీ పట్టింది. ఎక్కడో ఎవరో చదివి కళ్ళు తుడుచుకునే ఉంటారు. ఎందుకంటే వినాయకచవితి వెళ్ళిన వారానికి ఉత్తర్వు వచ్చేసింది.

మేం గెలిచాం!

ఆసుపత్రి ముందు షామియానా వేశారు. 'ఒక బాధ – ఒక బాట' మొదటి విజయం కనక పైనుంచి అధికారులొచ్చారు. వీరమణిగారి మెడలో దండ వేశారు. ఆదర్శ ఫిర్యాదుదారు అని శాలువా కప్పారు. పేపరువాళ్ళు ఫోటోలు తీశారు. నన్ను కూడా నిలబడమంటే చొక్కా సర్దుకుని నిలబడ్డాను. కోదండపాణిగారు గద్గదస్వరంతో ఉత్తర్వు చదివారు.

"ఫిర్యాదుదారు వాదనలో సంపూర్ణ సత్యమున్నదని నిర్ధారించడమైనది. ఆమె ఎడమచేతి కట్టును తక్షణమే తొలగించి, కుడిచేతికి కట్టు వేయవలెను. కట్టు ఆరు వారములు ఉంచవలెను."

చప్పట్లు మోగాయి. అక్కడే కుర్చీ వేసి, రంపంతో ఎడమచేతి కట్టు కోశారు. లోపల చెయ్యి సన్నగా, పాలిపోయి, ఎవరిదో అన్నట్టుంది. అప్పుడు మొట్టమొదటిసారి డాక్టర్ శశిభూషణ్‌గారు ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. మణికట్టు పక్కకి ఒరిగి, పైన ఎముక కణుపులా లేచి ఉంది.

"ఇది అతుక్కుపోయిందే!" అన్నారాయన నెమ్మదిగా.

పదకొండు వారాలైంది మరి. ఎముకకి ఆలోచనా కాలం లేదు, ఉపసంఘం లేదు. ఎలా ఉన్నది అలాగే అతుక్కుంది.

"వంకరగా అతుక్కుంది. ఇప్పుడు కట్టేసి లాభం లేదు," అని డాక్టరు కోదండపాణిగారి చెవిలో చెప్పారు. పక్కనే ఉన్నాను గనక నాకూ వినపడింది.

"లాభనష్టాలు ఉత్తర్వులో లేవు డాక్టరుగారూ. కట్టు వేయకపోతే అమలు కానట్టు. అమలు కాకపోతే ఫైలు మూతపడదు. ఆవిడ గెలుపు చెల్లకుండా పోతుంది," అన్నారు కోదండపాణిగారు. పాపం, ఆయన బాధ ఆయనది.

లోవరాజుని పిలిచారు. వాడు ఆవిడ కుర్చీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల ఎత్తలేదు. సిమెంటు కలుపుతుంటే వాడి కళ్ళమ్మట నీళ్ళు కారి అందులోనే పడుతున్నాయి. వీరమణిగారు వాడికేసి చూడలేదు, నాకేసి చూసింది. నేను శాలువా మడత పెడుతున్నట్టు నటించాను.

కట్టు ఆరాక కోదండపాణిగారు చివరి ఫారం పెట్టారు. 'సేవలతో సంతృప్తి చెందితిని.' ఎడమ బొటనవేలు ఇప్పుడు ఖాళీగా ఉంది గనక ఏ చిక్కూ రాలేదు.

దీపావళి దాటాక కట్టు విప్పారు. మర్నాడే ఆవిడ కుండ బోర్లించి మంట పెట్టిందని తెలిసి వెళ్ళాను. గుడ్డ ముంచి లాగింది. రేకు సగం దాకా వచ్చి చిరిగింది. మళ్ళీ లాగింది. అక్కడికే వచ్చి మళ్ళీ చిరిగింది. మణికట్టు ఆ మలుపు తిరగడం లేదు. పక్కన చిరిగిన రేకులు కుప్ప పడుతుంటే, ఆవిడ లాగుతూనే ఉంది. నాకు చూడబుద్ధి కాలేదు.

"ఇంకో డాక్టరుకి చూపిద్దాం వీరమణమ్మా. ఈసారి ఏ ఫారాలూ వద్దు," అన్నాను.

పట్నంలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చిన్న వయసు. మర్యాదలేవీ తెలియవు, ఏ చెయ్యని అడిగి, ఆ చెయ్యే పట్టుకుని చూసింది. ఫోటో దీపానికెదురుగా పెట్టి చాలాసేపు నిలబడింది.

"మళ్ళీ విరగ్గొట్టి సరిచెయ్యాలమ్మా. చేసినా మునుపటి ఒడుపు వస్తుందని చెప్పలేను. అసలు ఇంతదాకా ఎందుకు తెచ్చుకున్నారు? మొదటి వారంలో అయితే సర్ది కట్టడం అరగంట పని. ఎవరైనా ఆపారా మిమ్మల్ని?"

నేను నేలకేసి చూశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వీరమణిగారు తువ్వాలు చేతికి చుట్టుకుంటూ చెప్పింది.

"ఎవరూ ఆపలేదండి. మా రైటరుగారూ నేనూ అర్జీలు రాసుకుంటా కూచున్నాం."